నలభై దగ్గరపడిన క్వార్టర్‌బ్యాక్‌కు ముందుగా సడలేది చెయ్యా, కాళ్లా?

జెర్సీ_ఆకుపచ్చ
ఉద్యోగరీత్యా న్యూజెర్సీలో స్థిరపడడం వల్ల అమెరికన్ ఫుట్‌బాల్‌లో జెట్స్ జట్టు అభిమానినయ్యాను. ఆ కష్టం పగవాడికి కూడా వద్దు. వయసు మళ్లిన గొప్ప క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే దాడిని నడిపిస్తూ పాసులు విసిరే ఆటగాడిని తెచ్చుకుని, ఇక మన రాత మారిందని సంబరపడి, ఆ తరువాత తల పట్టుకుని కూర్చోవడం ఈ జట్టుకు అలవాటైపోయింది. 2008లో బ్రెట్ ఫార్వ్ వచ్చాడు. మొదటి పదకొండు ఆటల్లో ఎనిమిది గెలిచిన జట్టు, చివరికి 9 గెలుపులు, 7 ఓటములతో ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ ఆటలు) గడప కూడా తొక్కలేదు. 2023లో ఆరన్ రాడ్జర్స్ వచ్చాడు. సెప్టెంబరు 11న, సొంత మైదానంలో, నాలుగో స్నాప్‌కే (క్వార్టర్‌బ్యాక్‌కు బంతి అందించి ఆట మొదలుపెట్టడం) ఎడమ కాలి అకిలిస్ టెండన్, అంటే మడమ వెనుక నరంలాంటి పట్టీ, తెగి కూలబడ్డాడు. అతనికి నలభై నిండడానికి అప్పటికి మూడు నెలలు కూడా లేవు.

ఇద్దరూ గ్రీన్ బే పాకర్స్ ఇక చాలనుకున్నవారే. టామ్ బ్రేడీ 43 ఏళ్ల వయసులో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన నాటి నుంచి ప్రతి జట్టూ తనకూ ఒక బ్రేడీ దొరుకుతాడని ఆశపడుతోంది. నా దృష్టిలో ఇది పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే. అయినా మీ అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది. ఇంతకీ వయసు ఒక క్వార్టర్‌బ్యాక్ నుంచి ముందుగా తీసుకుపోయేది దేనిని? చేతి బలాన్నా, కాళ్లనా, లేక దెబ్బ తినడానికి సిద్ధపడే మనసునా?

నాలుగో_డౌన్
రాడ్జర్స్ గాయాన్ని వయసు ఖాతాలో వేయడానికి నేను ఒప్పుకోను. మీ జట్టుకే 1999లో మొదటి ఆటలోనే విన్నీ టెస్టవర్డీకి అదే టెండన్ తెగింది, అప్పుడు అతనికి 35 ఏళ్లు. మరుసటి ఏడాది తిరిగి వచ్చాడు, 2007లో కరోలినా తరఫున 44 ఏళ్ల వయసులో కూడా ఆడాడు. డాన్ మరీనోకు 1993లో 32 ఏళ్లకే తెగింది. కర్క్ కజిన్స్‌కు 2023లోనే, రాడ్జర్స్ పడిపోయిన కొన్ని వారాలకు, 35 ఏళ్ల వయసులో తెగింది. ఇది దురదృష్టం, అంతకు మించి ఏమీ లేదు.

జెర్సీ_ఆకుపచ్చ
మీరు చెప్పిన ముగ్గురూ ముప్పై దాటినవారే. ఇరవై మూడేళ్లవాడి పేరు ఒక్కటీ చెప్పలేదు. ఆ సంగతి మీరే గమనించండి.

కీళ్ల_కబుర్లు
నేను డల్లాస్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. క్రీడాకారుల కంటే మోకాళ్లు అరిగిన మన పెద్దవాళ్లే నా దగ్గరకు ఎక్కువగా వస్తారు గానీ, శరీర ధర్మం అందరికీ ఒకటే కాబట్టి నాకు తెలిసినది చెబుతాను.

బంతిని విసిరేది చెయ్యి అని మనం అనుకుంటాం. నిజానికి ఆ విసురు నేల మీద పాదం నొక్కిన చోట మొదలవుతుంది. వెనుక కాలు నేలను తన్నిన బలం తుంటికి చేరుతుంది, తుంటి ముందుగా తిరుగుతుంది, దాని వెనుక నడుము, ఆ తరువాత ఛాతీ, భుజం, మోచేయి, చివరగా మణికట్టు, వేళ్లు. ఈ వరుసలో ఎక్కడ ఒక మెట్టు బలహీనపడినా, ఆ లోటును పైమెట్టు తన శక్తితో పూడ్చాలి. తుంటి బిగుసుకుపోయినవాడు అదే దూరానికి బంతిని పంపాలంటే భుజాన్నీ మోచేతినీ ఎక్కువగా వాడతాడు. అందుకే చెయ్యి పోయిందని మనం చెప్పుకునే కథల్లో చాలావాటికి మూలం కింద ఉంటుంది. వయసుతో టెండన్లు తమ సాగే గుణాన్ని కొంత కోల్పోతాయి. చిన్నచిన్న చిరుగులు మానడానికి పట్టే సమయం పెరుగుతుంది. ముప్పై దాటాక ఆదివారం తగిలిన దెబ్బ వచ్చే ఆదివారానికి పూర్తిగా తగ్గదు, దాని మీదే మరొక దెబ్బ పడుతుంది.

కనుక నాలుగో_డౌన్ గారూ, మీ మాట సగమే నిజం. టెండన్ ఏ క్షణంలో తెగుతుందనేది దురదృష్టమే. తెగడానికి సిద్ధంగా ఉండడం మాత్రం ఏళ్ల తరబడి జరిగే పని.

గుంటూరు_గన్
మొన్న ఎడిసన్‌లోని పార్కులో మా అబ్బాయికి బంతి విసరబోయి నడుము పట్టేసింది. తుంటి ముందుగా తిరగాలని ఎవరూ చెప్పలేదు.

డెన్వర్_కోనసీమ
చెయ్యి ముందుగా పోయినవాడు ఒకడు ఉన్నాడు. పేటన్ మానింగ్. 2011లో మెడకు శస్త్రచికిత్సలు జరిగి, నరం దెబ్బతిన్నందువల్ల కుడి చేతి కండరాలకు బలం అందక, ఆ సీజన్ అంతా బయటే ఉన్నాడు. విసిరిన బంతి కొన్ని గజాల దూరంలోనే నేలకు వాలిపోయిన రోజులు ఉన్నాయి. 2012 మార్చిలో అతని జట్టు కోల్ట్స్ అతనిని వదిలేసి, ఆ ఏడాది డ్రాఫ్టులో (కొత్త ఆటగాళ్లను జట్లు వరుసగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి ఎంపికగా ఆండ్రూ లక్‌ను తీసుకున్నారు. అటువంటివాడు మా డెన్వర్‌కు వచ్చి, 2013లో 37 ఏళ్ల వయసులో పాసులతో 55 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించడం), 5,477 గజాలు సాధించాడు. రెండూ ఒక సీజన్‌కు రికార్డులే. వేలికొసలకు స్పర్శ సరిగా లేక చేతికి గ్లవ్ తొడుక్కుని మరీ విసిరాడు.

అదే మనిషిని 2015 నవంబరు 15న చూడవలసి వచ్చింది. కాన్సస్ సిటీతో ఆట. కెరీర్ మొత్తం గజాలలో ఫార్వ్ రికార్డును దాటడానికి అతనికి కావలసినది మూడు గజాలే. ఆ పాస్ పూర్తయింది, ఆట ఆపి జనం లేచి నిలబడ్డారు. ఆ తరువాత జరిగినది తలుచుకోవడానికి కూడా నాకు ఇష్టం లేదు. ఇరవై పాసులలో అయిదు పూర్తయ్యాయి, మొత్తం 35 గజాలు వచ్చాయి, నాలుగు ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు అందుకున్న పాసులు) పడ్డాయి. పాసుల నాణ్యతను కొలిచే పాసర్ రేటింగ్ సున్నా. అరికాలి నొప్పితో అతను ముందు పాదాన్ని గట్టిగా ఊనలేకపోతున్నాడు, బంతి గాలిలో తేలిపోతోంది, డిఫెండర్లు తీరికగా వచ్చి అందుకుంటున్నారు. కోచ్ మధ్యలోనే బ్రాక్ ఆస్‌వైలర్‌ను దింపాడు. ఒకే మధ్యాహ్నం కిరీటమూ బెంచీ రెండూ చూశాడు ఆ మనిషి.

కీళ్ల_కబుర్లు
మీరు చెయ్యి కథ మొదలుపెట్టి చివరికి అరికాలి దగ్గర తేలారు. నేను చెప్పిన మాటకే సాక్ష్యం పలికారు.

లెక్కల_మాస్టారు
ఇక్కడ అందరూ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఈ పతనం మెట్లు దిగినట్టుగా జరగడం లేదు, అంచు నుంచి జారినట్టుగా ఉంది. మానింగ్ టచ్‌డౌన్లు 2013లో 55, 2014లో 39, 2015లో 9. ఫార్వ్ 40 ఏళ్ల వయసులో, 2009లో, మిన్నెసోటా తరఫున 33 టచ్‌డౌన్లు విసిరి 7 ఇంటర్‌సెప్షన్లే ఇచ్చాడు. మరుసటి ఏడాది అదే జట్టు, అదే కోచ్‌తో మొదలై, 11 టచ్‌డౌన్లు, 19 ఇంటర్‌సెప్షన్లు. అరవై ఏళ్ల కిందటి వై.ఏ. టిటిల్‌ను చూసినా అంతే. న్యూయార్క్ జెయింట్స్ తరఫున 1963లో 36 టచ్‌డౌన్లు, ఆనాటికి అది రికార్డు. 1964లో 10 టచ్‌డౌన్లు, 22 ఇంటర్‌సెప్షన్లు.

మరొక జాగ్రత్త కూడా అవసరం. 38 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్‌ల సగటు 33 ఏళ్లవారి సగటు కంటే బాగుందని ఎవరైనా చూపిస్తే నమ్మకండి. ఆ వయసుకు వచ్చేసరికి మామూలు ఆటగాళ్లను జట్లు ఎప్పుడో ఇంటికి పంపేసి ఉంటాయి, మిగిలినవాళ్లు మహామహులు మాత్రమే. మిగిలినవాళ్లను మాత్రమే లెక్కవేసి వయసు ఏమీ చేయదని చెప్పడం, పదవ తరగతి తప్పినవాళ్లను జాబితాలో నుంచి తీసేసి మా బడిలో నూటికి నూరు ఉత్తీర్ణత అని గోడ మీద రాయడం వంటిది. ఆ గోడ రాతలను నేను చాలా చూశాను.

హైదరాబాద్_తెల్లవారుజాము
సోమవారం రాత్రి ఆటను మేము ఇక్కడ మంగళవారం ఉదయం పావు తక్కువ ఆరుకు చూస్తాం. రాడ్జర్స్ పడిపోయిన రోజు కాఫీ కలుపుకుని వచ్చేలోపు ఆట అయిపోయింది, అంటే అతని ఆట. ఒక సందేహం. సచిన్ నలభై వరకు ఆడాడు కదా, క్వార్టర్‌బ్యాక్‌కు మాత్రం ఎందుకు ఇంత కష్టం?

నాలుగో_డౌన్
సచిన్ మీద ప్రతి బంతికీ నూట ముప్పై కిలోల మనిషి వచ్చి పడేవాడు కాదు.

మిన్నెసోటా_చలి
ఫార్వ్ 2009 గురించి లెక్కల_మాస్టారు గారు ఎత్తారు కాబట్టి, ఆ సీజన్ చివరి ఘట్టాన్ని కూడా చెప్పాలి. 2010 జనవరి 24, న్యూ ఓర్లీన్స్, సూపర్ బౌల్‌కు ముందు మెట్టైన కాన్ఫరెన్స్ ఫైనల్. ఆట అంతా సెయింట్స్ డిఫెన్స్ ఫార్వ్‌ను కుమ్మేసింది, చీలమండ వాచిపోయి కుంటుతున్నాడు. 28-28, ఆట ముగియడానికి క్షణాలు మాత్రమే ఉన్నాయి. మేము ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని మూడు పాయింట్లు తేవడం) కొట్టగల దూరానికి చేరుకున్నాం. అంతలో హడిల్‌లో (స్నాప్‌కు ముందు జట్టు గుమిగూడడం) పదకొండు మందికి బదులు పన్నెండు మంది నిలబడ్డారని శిక్ష వేసి అయిదు గజాలు వెనక్కి పంపారు. తరువాతి స్నాప్‌కు ఫార్వ్ కుడివైపు కదిలాడు. ముందు ఖాళీ ఉంది. పదేళ్ల కిందటి ఫార్వ్ అయితే కొన్ని గజాలు పరిగెత్తి కూర్చునేవాడు, కిక్కర్ వచ్చేవాడు. ఆ రోజు అతను పరిగెత్తలేదు. కుడివైపు వెళుతూ ఒళ్లు తిప్పి మైదానం మధ్యకు విసిరాడు, ట్రేసీ పోర్టర్ అందుకున్నాడు. ఓవర్‌టైమ్‌లో 31-28తో ఓడిపోయాం.

చేతిలో బలం ఉంది, ఆ పాస్ అంత దూరం అంత వేగంగా వెళ్లడమే అందుకు రుజువు. కాలు మాట వినలేదు. చర్చ శీర్షికకు నా సమాధానం అదే.

పాతకాపు
అది కాలి తప్పు కాదు, బుద్ధి తప్పు. ఫార్వ్ పాతికేళ్ల వయసులో కూడా అటువంటి పాసులు విసిరేవాడు. తన కెరీర్‌లో 336 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చిన మనిషికి చీలమండను సాకుగా చూపడం న్యాయం కాదు. వయసుతో పోయేవి ఎన్నో ఉన్నాయి గానీ స్వభావం మాత్రం పోదు.

మిన్నెసోటా_చలి
ఆ ఏడాది మొత్తం మీద 7 ఇంటర్‌సెప్షన్లే ఇచ్చినవాడికి స్వభావం ఒక్క సాయంత్రం తిరిగి వచ్చిందంటారా? 297 ఆటలు వరుసగా మొదటి నుంచి ఆడిన శరీరం అది. కాస్త కరుణ చూపండి.

లూసియానా_రొయ్య
నేను సెయింట్స్ అభిమానిని. ఆ ఇంటర్‌సెప్షన్ గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అయితే మాకూ ఒక చేదు రోజు ఉంది. 2021 జనవరి 17, మా డోమ్‌లో డ్రూ బ్రీస్, టామ్ బ్రేడీ ప్లేఆఫ్‌లో తలపడ్డారు. బ్రీస్‌కు రెండు రోజుల కిందటే 42 నిండాయి, బ్రేడీకి 43. ఆ సీజన్‌లోనే బ్రీస్‌కు పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తి కుంగింది. అయినా తిరిగి వచ్చి ఆడాడు. ఆ రోజు అతను మొత్తం 134 గజాలు మాత్రమే విసిరి మూడు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. మా జట్టుకు ఆ రోజు దొరికిన అతి పొడవైన టచ్‌డౌన్, 56 గజాలది, విసిరినవాడు బ్రీస్ కాదు, బెంచీ మీది జేమిస్ విన్‌స్టన్, అదీ ఒక ఎత్తుగడ ఆటలో. మా కోచ్ పొడవైన పాస్ కావలసినప్పుడు వేరొకరిని వాడుతున్నాడంటే అందులో దాచుకోవడానికి ఏముంది?

దగ్గరి పాసులలో మాత్రం బ్రీస్ కచ్చితత్వం చివరి వరకు తగ్గలేదు. కాబట్టి మా బ్రీస్ విషయంలో పోయినది చెయ్యే. 2005 చివరి ఆటలో శాన్ డియాగో తరఫున ఆడుతూ కుడి భుజం చీల్చుకున్న చెయ్యి అది. పదిహేనేళ్లు అదనంగా పనిచేయడమే గొప్ప.

జెర్సీ_ఆకుపచ్చ
బాగుంది, కానీ ఇక్కడ ఎవరూ బ్రేడీని ముట్టుకోవడం లేదు. 2017లో 40 ఏళ్ల వయసులో ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏడాది అత్యంత విలువైన ఆటగాడు). 43లో ఏడవ సూపర్ బౌల్. 44లో 5,316 గజాలు, 43 టచ్‌డౌన్లు, రెండింటిలోనూ ఆ ఏడాది లీగ్‌లో అతనే మొదటివాడు. మీ సిద్ధాంతాలన్నీ నిజమైతే ఆ మనిషి ఎవరు?

పాతకాపు
బ్రేడీని ఆహారం, సాగదీసే వ్యాయామాలు కాపాడాయని ఒక పెద్ద వ్యాపారమే నడిచింది. ఆ క్రమశిక్షణను నేను తక్కువ చేయను. అతనిని నిజంగా కాపాడినది మాత్రం బంతిని చేతిలో ఎంతసేపు ఉంచుకోవాలో తెలియడం. స్నాప్ పడకముందే డిఫెన్స్ ఎలా నిలబడిందో చదివేస్తాడు, ఎవరికి విసరాలో అప్పటికే సగం నిర్ణయం అయిపోతుంది, రెండున్నర సెకన్లు గడిచేలోగా బంతి వెళ్లిపోతుంది. బంతి లేనివాడిని కొడితే శిక్ష పడుతుంది కాబట్టి ఎవరూ కొట్టరు. అతను మొదటి నుంచి పరుగు మీద బతికినవాడు కాదు. కాళ్ల మీద ఆధారపడనివాడికి కాళ్లు పోయినా పెద్ద నష్టం ఉండదు.

ఇంకొక సంగతి. అతనికి 2008లో మోకాలు పోయిన తరువాత, 2009లో నేల మీద పడి ఉన్న డిఫెండర్ క్వార్టర్‌బ్యాక్ కాళ్ల మీదకు దూకకూడదని నిబంధనను స్పష్టం చేశారు. అంతకు ముందే, 2006 జనవరి ప్లేఆఫ్‌లో సిన్సినాటి ఆటగాడు కార్సన్ పామర్ మోకాలు నలిగిన తరువాత, మోకాళ్ల కింద కొట్టడాన్ని కట్టడి చేశారు. 2018 నుంచి శరీర బరువు మొత్తం వేసి మీద పడడాన్ని కూడా గట్టిగా శిక్షిస్తున్నారు. పాతకాలపు జెట్స్ క్వార్టర్‌బ్యాక్ జో నేమత్ మోకాళ్లకు ఇవేవీ అందలేదు. ఇప్పటివాళ్లు ఎక్కువ కాలం ఆడుతున్నారంటే ఆ ఘనతలో కొంత రూల్ పుస్తకానిది.

నాలుగో_డౌన్
నిబంధనలే కారణమైతే జార్జ్ బ్లాండా 1975లో 48 ఏళ్ల వయసు వరకు ఎలా ఆడాడు?

పాతకాపు
చివరి ఏళ్లలో ప్రధానంగా కిక్కర్‌గా ఆడాడు. బంతిని తన్నేవాడిని ఆ రోజుల్లో కూడా పెద్దగా ఎవరూ కొట్టేవారు కాదు.

నాలుగో_డౌన్
1970లో 43 ఏళ్ల వయసులో బెంచీ మీద నుంచి లేచి ఓక్లాండ్‌కు వరుసగా ఆటలు నిలబెట్టినప్పుడు పాసులు కూడా విసిరాడు. దానిని తుడిచేయకండి.

కీళ్ల_కబుర్లు
పాతకాపు గారి మాటకు ఒక చేర్పు. బ్రేడీ 2022 సీజన్‌ను చూడండి. అతని జట్టు టాంపా అఫెన్సివ్ లైన్‌లో (క్వార్టర్‌బ్యాక్‌ను కాచే వరుస) ఒకరు రిటైరయ్యారు, మరొకరు వేరే జట్టుకు వెళ్లిపోయారు, ఆ వరుస మధ్యలో నిలిచి బంతి అందించే సెంటర్ శిక్షణ శిబిరంలోనే గాయపడ్డాడు. దాంతో బ్రేడీ బంతిని ఇంకా త్వరగా వదిలించుకోవడం మొదలుపెట్టాడు. 733 పాసులు విసిరాడు, ఒక సీజన్‌లో అన్ని పాసులు లీగ్ చరిత్రలోనే ఎవరూ విసరలేదు. టచ్‌డౌన్లు మాత్రం 43 నుంచి 25కు పడిపోయాయి, జట్టు 8-9తో ముగించింది. దెబ్బలు తగలకుండా ఉండడానికి అతను చెల్లించిన ధర అది. పొడవైన పాస్‌కు దానిని అందుకునే రిసీవర్ అక్కడికి చేరేవరకు ఆగాలి, ఆగాలంటే దెబ్బకు ఒళ్లు అప్పగించాలి. 45 ఏళ్లవాడు ఆ బేరానికి ఒప్పుకోకపోవడంలో పిరికితనం ఏమీ లేదు.

గుంటూరు_గన్
అంటే మూడవ సమాధానం వచ్చినట్టే. చెయ్యీ కాదు, కాళ్లూ కాదు, ఆగే ధైర్యం.

పసుపు_తువ్వాలు
పరుగు మీద బతికేవాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. కామ్ న్యూటన్ 2015లో 26 ఏళ్ల వయసులో ఎంవీపీ, ఆ ఏడాది విసిరినవీ పరిగెత్తినవీ కలిపి 45 టచ్‌డౌన్లు. లీగ్‌లో అతని చివరి ఆటలు 2021లో, 32 ఏళ్లకు. రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) తిన్నన్ని దెబ్బలు తిని, రన్నింగ్ బ్యాక్ వయసుకే ముగించాడు. మధ్యలో భుజానికి రెండు శస్త్రచికిత్సలు. రస్సెల్ విల్సన్ సియాటిల్‌లో పాకెట్ (లైన్ ఆటగాళ్లు క్వార్టర్‌బ్యాక్ చుట్టూ కట్టే రక్షణ వలయం) నుంచి తప్పించుకుని తిరుగుతూ, వెనుక నుంచి వచ్చేవాళ్లను గిరగిరా తిప్పుతూ అద్భుతాలు చేశాడు. 33 దాటి డెన్వర్ వెళ్లేసరికి తప్పించుకునే ఆ అర అడుగు దూరం మాయమైంది. చెయ్యి బాగానే ఉంది, అతని పొడవైన పాస్ ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆట మొత్తం ఆ అర అడుగు మీద కట్టుకున్నాడు.

ఇలాగే పరుగు మీద ఆధారపడే లమార్ జాక్సన్, జాష్ ఆలెన్ ముప్పై దాటాక ఏమవుతుందో అని నాకు నిజంగా ఆసక్తిగా ఉంది. ఆలెన్‌కు ఆ ఒడ్డూ పొడుగూ ఉన్నాయి కాబట్టి న్యూటన్ కథ పునరావృతం కాదని కొందరు అంటారు. న్యూటన్ గురించి కూడా అప్పట్లో అదే మాట అన్నారు.

డెన్వర్_కోనసీమ
విల్సన్ పేరు ఎత్తి మా గాయం మీద కారం చల్లారు. అతను మా జట్టుకు ఒక్క ఆట ఆడకముందే 245 మిలియన్ డాలర్ల పొడిగింపు ఒప్పందం రాశారు. 2024 మార్చిలో వదిలేసినప్పుడు జీతాల పరిమితి లెక్కలో 85 మిలియన్లు వట్టి పుణ్యానికి మోయవలసి వచ్చింది. వయసు అంటే ఆటగాడి కీళ్లు మాత్రమే అనుకుంటాం, దాని ఖర్చు అతను వెళ్లిపోయిన తరువాత కూడా జట్టు పుస్తకాలలో ఉంటుంది.

లెక్కల_మాస్టారు
అట్లాంటా అంతకంటే విచిత్రం. టెండన్ తెగిన కజిన్స్‌కు 2024 మార్చిలో నాలుగేళ్లకు 180 మిలియన్ల ఒప్పందం, అందులో 100 మిలియన్లు హామీ. ఆ తరువాతి నెలలోనే డ్రాఫ్టులో ఎనిమిదవ ఎంపికగా మైకేల్ పెనిక్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకున్నారు. డిసెంబరుకు కజిన్స్ బెంచీ మీద ఉన్నాడు. ఒకే ఇంటికి ఇద్దరు అల్లుళ్లను ఒకే పండుగకు పిలిచారు.

పాకర్స్ పద్ధతి చూడండి. ఫార్వ్ ఉండగానే 2005లో రాడ్జర్స్‌ను తీసుకుని మూడేళ్లు కూర్చోబెట్టారు. రాడ్జర్స్ ఉండగానే 2020లో జోర్డాన్ లవ్‌ను తీసుకుని మూడేళ్లు కూర్చోబెట్టారు. పాతవాడిని రెండు సార్లూ జెట్స్‌కు పంపారు.

జెర్సీ_ఆకుపచ్చ
ఆ చివరి వాక్యం అవసరమా?

నాలుగో_డౌన్
అవసరమే. కానీ పాకర్స్‌ను మరీ మెచ్చుకోకండి. లవ్‌ను తీసుకున్న ఏడాదీ, ఆ తరువాతి ఏడాదీ రాడ్జర్స్ వరుసగా ఎంవీపీ అయ్యాడు, 37లోనూ 38లోనూ. ఆ మొదటి రౌండు ఎంపికతో ఒక రిసీవర్‌ను తీసుకుని ఉంటే మరొక సూపర్ బౌల్ వచ్చేదేమో. బ్రేడీ అప్పటి జట్టు పేట్రియట్స్ 2014లో గరోపోలోను అతనికి వారసుడని తీసుకున్నారు. వారసుడు 2017లో శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లిపోయాడు, ముసలాయన ఉండి మరొక సూపర్ బౌల్ ఉంగరం తెచ్చాడు. పతనం ఏ ఏడాది వస్తుందో లోపల ఉన్న కోచ్‌లకే అందడం లేదు, మనం ఇక్కడ కూర్చుని చెప్పేస్తున్నాం.

మిన్నెసోటా_చలి
వెళ్లవలసిన సమయం తెలిసినవాడు జాన్ ఎల్వే ఒక్కడే అనిపిస్తుంది. 1998 సీజన్ సూపర్ బౌల్‌లో 38 ఏళ్ల వయసులో ఎంవీపీ అయి, మళ్లీ మైదానంలోకి రాలేదు.

డెన్వర్_కోనసీమ
మా ఎల్వేను పొగిడినందుకు సంతోషం, కానీ అంతకు ముందు ఏడాది గెలిచిన సూపర్ బౌల్‌లో అతను విసిరినది 123 గజాలు, ఒక్క టచ్‌డౌన్ పాస్ కూడా లేదు. పరిగెత్తి గెలిపించినవాడు టెరెల్ డేవిస్, 157 గజాలు, మూడు టచ్‌డౌన్లు. ఎల్వే గురించి అందరికీ గుర్తున్నది ఆ ఆటలో 37 ఏళ్ల వయసులో మూడవ డౌన్‌కు (పది గజాలు సాగడానికి ఇచ్చే నాలుగు అవకాశాలలో మూడవది) ఆరు గజాలు కావలసి, తానే పరిగెత్తి, ఎగిరి, గాలిలో బొంగరంలా తిరిగి పడడం. అలాగే మానింగ్ కూడా సున్నా రేటింగ్ చూసిన ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిచి వెళ్లిపోయాడు. అక్కడా అతను విసిరినది 141 గజాలే. ఆట గెలిపించినది వాన్ మిల్లర్, మా డిఫెన్స్. వృద్ధాప్యంలో గెలిచిన క్వార్టర్‌బ్యాక్‌ల కథలు సగం వరకు పక్కనున్నవాళ్ల కథలే. జెర్సీ_ఆకుపచ్చ గారి జట్టుకు కావలసినది రాడ్జర్స్ కాదు, ముందుగా ఒక మంచి లైన్.

కీళ్ల_కబుర్లు
వెళ్లవలసిన సమయం తెలిసినవాడు ఎల్వే ఒక్కడే అన్నారు. ఆండ్రూ లక్ 29 ఏళ్లకే తెలుసుకున్నాడు. మూత్రపిండం చీలింది, భుజం గాయంతో 2017 మొత్తం పోయింది, చివరికి పిక్క, చీలమండ నొప్పి. గాయం, చికిత్స, మళ్లీ గాయం అనే ఆ వలయంలో తిరగలేనని 2019 ఆగస్టులో చెప్పి వెళ్లిపోయాడు. ఆ రాత్రి సొంత అభిమానులే అతనిని గేలి చేశారు. స్టీవ్ యంగ్, ట్రాయ్ ఐక్‌మన్ అనే క్వార్టర్‌బ్యాక్‌లకు వెళ్లవలసిన సమయాన్ని తలకు తగిలిన దెబ్బలు గుర్తు చేశాయి. పుట్టిన తేదీ ఒక్కటే వయసు కాదని నా రోగులకు రోజూ చెబుతాను.

హైదరాబాద్_తెల్లవారుజాము
ఇంతకీ రాడ్జర్స్ ఇప్పుడు ఎవరి తరఫున ఆడినట్టు?

పసుపు_తువ్వాలు
2025 జూన్‌లో మా పిట్స్‌బర్గ్‌కు వచ్చాడు. జెట్స్ తరఫున 2024లో పదిహేడు ఆటలూ ఆడి 28 టచ్‌డౌన్లు విసిరిన తరువాత. టెండన్ తెగి, నలభై దాటి అన్ని ఆటలు ఆడడం చిన్న విషయం కాదు. పాకెట్‌లో కాలు కదిపేటప్పుడు మాత్రం పాత రాడ్జర్స్ కాదని టీవీలో కూడా తెలిసిపోతుంది.

లూసియానా_రొయ్య
వయసు గురించి ఇంత మాట్లాడి ఫిలిప్ రివర్స్‌ను మరిచారా? 2021 జనవరిలో రిటైరైనవాడు, మనవడిని ఎత్తుకున్న తాత, 2025 డిసెంబరులో కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్‌కు అకిలిస్ టెండన్ తెగితే 44 ఏళ్ల వయసులో వచ్చి సియాటిల్ మీద ఆడాడు. జట్టు 18-16తో ఓడింది. అతని బంతిలో వేగం లేదు, కాళ్లలో పరుగు అంతకంటే లేదు. డిఫెన్స్ ఏం చేయబోతోందో మాత్రం అన్నీ చూసి చెప్పగలిగాడు. తల చివరగా పోతుందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

నాలుగో_డౌన్
రిటైరైన మేటి ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌కు సెమీఫైనలిస్టుల జాబితాలో పేరు ఉన్నవాడు మళ్లీ జట్టులో చేరినందువల్ల, రిటైరయ్యాక ఆగవలసిన అతని అయిదేళ్ల నిరీక్షణ మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారు. అంత తల ఉన్నవాడు ఆ లెక్క చూసుకోలేదంటారా?

లూసియానా_రొయ్య
చూసుకునే వచ్చాడు. బంతి చేతిలో పెట్టి పిలిస్తే మీరు రారా?

గుంటూరు_గన్
నేను రాను. నడుము ఇంకా తగ్గలేదు.